ఒకే ప్లాన్ ఇళ్లు, వేరువేరు కరెంటు బిల్లులు

ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే అంతస్తులో గోడకు గోడ ఆనుకున్న రెండు ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. రెండింట్లోనూ నలుగురేసి మనుషులు, ఇంటికి ఒక ఏసీ, ఒక ఫ్రిజ్, ఒక గీజరు. మే నెలలో ఒకరికి 210 యూనిట్లు వస్తే పక్కవాళ్లకు 420 వచ్చాయి. అప్పుడు అందరి నోటా ముందు వచ్చే మాట "మీటరు జంప్ అవుతోంది" అని. మీటర్లు చెడిపోవడం అసలు లేదని కాదు. అయితే ఇలాంటి రెట్టింపు తేడాకు మీటరుతో పని లేదని పరిశోధకులు యాభై ఏళ్ల కిందటే కొలిచి చూపించారు.

1970ల మొదట్లో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పక్కనే, న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే కాలనీని రాబర్ట్ సోకొలో బృందం ఎంచుకుంది. ఒకే బిల్డరు ఒకే ప్లాన్‌తో కట్టిన టౌన్‌హౌస్‌లవి. గోడల మందం నుంచి కిటికీల కొలతల వరకు అన్నీ ఒకటే. అయినా చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే గ్యాస్ వాడకం ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య రెండింతల దాకా తేడా వచ్చింది. కట్టడంలో లోపమేమోనన్న అనుమానం కూడా తీరిపోయింది. ఇల్లు చేతులు మారి కొత్త కుటుంబం దిగగానే వాడకమూ మారింది. పాత కుటుంబం ఎంత కాల్చిందో చూసి కొత్త కుటుంబం ఎంత కాలుస్తుందో చెప్పడం కుదరలేదు. వాడకాన్ని నడిపేది గోడలకన్నా ఎక్కువగా మనుషులేనని అలా తేలింది. (ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. అక్కడి హీటింగ్ బిల్లు ముచ్చట్లు మన మే నెల బిల్లు ముచ్చట్లలాగే ఉంటాయి.)

అందరికీ పొదుపు చేయాలనే ఉంటుంది. మరి చేయలేకపోవడం ఎందుకు? పరిశోధనలన్నీ కలిపి చూస్తే ప్రధాన కారణం బద్ధకం కాదు, కనపడకపోవడం. కిరాణా కొట్టుకు వెళ్తే పప్పుకెంత, నూనెకెంత అని చీటీలో విడివిడిగా రాసిస్తారు. కరెంటుకు మాత్రం నెలాఖరున ఒకే ఒక్క అంకె చేతికొస్తుంది. ఏ వస్తువు ఎంత తిన్నదో అందులో ఉండదు. దాంతో ఎవరికి వారు ఊహించుకుంటారు, ఆ ఊహ ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది.

ఆ తప్పు ఏ వైపో 2010లో షహజీన్ అత్తారీ, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో 505 మందిని అడిగి తెలుసుకున్నారు. కరెంటు ఆదా చేయడానికి అన్నింటికన్నా మంచి మార్గం ఏమిటంటే ఎక్కువమంది లైట్లు ఆర్పడం లాంటి పనులే చెప్పారు. తక్కువ కరెంటు తినే పరికరాల మాట ఎత్తినవాళ్లు బాగా తక్కువ. పెద్ద పరికరాలు ఎంత లాగుతాయో అంచనా వేయమంటే అసలు కంటే చాలా తక్కువ చెప్పారు. సగటున చూస్తే వాళ్ల అంచనా అసలు అంకెలో దాదాపు మూడో వంతు. కంటికి వెలుగు కనిపించేదానికి ఎక్కువ లెక్క కట్టి, చప్పుడు లేకుండా వేడెక్కించేదాన్ని, చల్లబరిచేదాన్ని మర్చిపోతాం.

ఇది మన ఇళ్లకు ఎంత సరిపోతుందో చిన్న లెక్కలో తేలిపోతుంది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 20 లీటర్ల బకెట్ నీళ్లను 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వేడి చేయడానికి, ఏ గీజరైనా ఏ హీటరు రాడ్డైనా, 0.46 యూనిట్ ఖర్చు కావాల్సిందే. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అంతే కరెంటుతో 50 గంటలకు పైగా వెలుగుతుంది. పిల్లాడు గదిలోంచి వస్తూ లైటు ఆర్పలేదని కోప్పడే ఇంట్లోనే గీజరు పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆన్‌లో ఉంటుంది. అలాగే మిక్సీ అంటే భయం, ఇస్త్రీ పెట్టె అంటే భయం. 750 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు తిరిగితే 0.125 యూనిట్, నెలకు నాలుగు యూనిట్లకు మించదు. అది చేసే చప్పుడు వేరు, తినే కరెంటు వేరు.

బోరు మోటారు సంగతి ఇందుకు సరిగ్గా తలకిందులు. సొంత ఇళ్లలో ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ లైన్‌లోంచి దాదాపు 1.1 కిలోవాట్లు లాగుతుంది. ట్యాంకు నిండి పైపులోంచి నీళ్లు కారే దాకా ఎవరూ లేవరు. ఆ పొంగిపోయే ఇరవై నిమిషాలు రోజూ జరిగితే నెలకు 11 యూనిట్లు పోయినట్టే. ఇంట్లో లైట్లన్నీ కలిపి ఆదా చేసేది అంత ఉంటుందా అన్నది అనుమానమే. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టించుకుంటే అక్కడితో ఆ సమస్య తీరుతుంది. ఫ్లోట్ తీగను ట్యాంకు గోడకు రాసుకోకుండా, లోపలి పైపుకు చుట్టుకోకుండా కట్టాలి. లేకపోతే నెల తిరక్కుండానే అది ఇరుక్కుపోయి మోటారు ఆగదు, లేదా అసలు ఎక్కదు.

మీటరు మీద ఎర్ర లైటు

బిల్లులో కనపడనిది మీటరు దగ్గర కనపడుతుంది. దానికి కొత్త పరికరం ఏదీ కొనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు ముందు భాగంలో చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు పలక మీద అచ్చు వేసి ఉంటుంది. సింగిల్ ఫేజ్ మీటర్లలో ఎక్కువగా కనిపించేది 3200. 1600, 6400 కూడా ఉంటాయి, అందుకే ముందు చూసుకోవాలి.

3200 మీటరైతే పది మిణుకులకు పట్టిన సెకన్లతో 11,250ను భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 45 సెకన్లు పడితే 250 వాట్లు. 9 సెకన్లయితే 1250. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మొదటి మిణుకును 'ఒకటి' అని లెక్కపెడతారు. దాన్ని సున్నా అనుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, ఆ తర్వాత వచ్చేదాన్ని ఒకటిగా లెక్కించాలి. లేకపోతే తొమ్మిది విరామాలనే పదిగా లెక్కేసినట్టవుతుంది, జవాబు 11 శాతం ఎక్కువ వస్తుంది. అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఒకే ప్యానెల్ బోర్డు మీద ఉంటాయి కాబట్టి బిల్లు మీది సర్వీస్ నంబరు మీటరు నంబరుతో కలుస్తోందో లేదో ముందు చూసుకోవాలి. పక్కింటి మీటరును అరగంట కొలిచి ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. ఒకరు కింద, ఒకరు పైన ఫోన్‌లో ఉంటే పని సులువు.

మొదట రాత్రి పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు, ఏసీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి కొలవాలి. అన్నీ ఆపేశాం అనుకున్నాక కూడా మీటరు లాగుతున్నదే ఇంటి కనీస భారం. ఒక్కో వాట్ నెలంతా నడిస్తే 0.72 యూనిట్. కనీస భారం 60 వాట్లు తేలిందంటే నెలకు 43 యూనిట్లు ఏ పనీ లేకుండా పోతున్నాయన్నమాట. అందులో సెట్‌టాప్ బాక్స్ తప్పకుండా ఉంటుంది. రిమోట్‌తో టీవీ ఆగినా బాక్స్ దాదాపు అంతే కరెంటు లాగుతూనే ఉంటుంది. పది వాట్లు, ఎవరూ చూడని ఇరవై గంటలు అనుకుంటే నెలకు ఆరు యూనిట్లు. ఇంకొకటి కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టర్. బ్యాటరీ నిండాక కూడా దాన్ని అలా నిలబెట్టడానికి అది ఎంతో కొంత లాగుతుంది. బ్యాటరీ పాతబడేకొద్దీ ఇది పెరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ తరచూ తగ్గిపోతోందంటే అదే గుర్తు. ఏసీకి పెట్టిన స్టెబిలైజర్‌ను చలికాలం నాలుగు నెలలూ ఆన్‌లో వదిలేయడం కూడా మామూలే.

ఆ తర్వాత ఒక్కో వస్తువూ వేస్తూ తేడా చూడాలి. గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగాన్ని తనే తగ్గించుకునే ఇన్వర్టర్ ఏసీని మాత్రం ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. వేసిన పది నిమిషాలకు ఒకసారి, గంటన్నర తర్వాత మరోసారి కొలవాలి. రెండో అంకె మొదటిదానిలో సగం లోపుకు దిగితే గది, ఏసీ సరిగ్గా కుదిరాయని అర్థం. దిగకపోతే తలుపు కింది సందు, పడమటి కిటికీ ఎండ, మట్టి పట్టిన ఫిల్టరు, లేదా మరీ తక్కువగా పెట్టిన సెట్టింగు, వీటిలో ఏదో ఒకటి కారణం. ఇక మెయిన్ స్విచ్ కట్టేశాక కూడా ఎర్ర లైటు మిణుకుతుంటే అది వాడకం సమస్య కాదు. మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎక్కడో వైరింగ్ కలిసిపోయింది, లేదా లీకవుతోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచే పని అది. కొలత అయ్యాక ఫ్రిజ్ ప్లగ్ తిరిగి పెట్టడం మర్చిపోకూడదు, పొద్దున్నకు పాలు విరిగి గుర్తుచేస్తాయి.

పక్కింటి లెక్క చూపిస్తే

కనపడకపోవడమే జబ్బయితే చూపించడమే మందు కావాలి. ఈ దారిలో చాలా ప్రయోగాలు జరిగాయి. 2006లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు సారా డార్బీ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఇంట్లోనే ఎప్పటికప్పుడు వాడకం కనిపిస్తే 5 నుంచి 15 శాతం తగ్గుతుందని రాశారు. ఈ అంకె ఇప్పటికీ పరికరాలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో కనిపిస్తుంది. దాన్ని యథాతథంగా నమ్మడానికి వీల్లేదు. పాత అధ్యయనాల్లో చాలావాటిలో చేరింది స్వచ్ఛందంగా వచ్చిన కొద్ది కుటుంబాలు. పొదుపు మీద ముందే ఆసక్తి ఉన్నవాళ్లు పొదుపు చేశారంటే అందులో వింతేముంది?

కొన్ని లక్షల ఇళ్లలో, ఎవరికి ఇవ్వాలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచి చేస్తే అంకె బాగా దిగివచ్చింది. ఓపవర్ అనే సంస్థ అమెరికాలో డిస్కంల తరఫున ఇంటింటికీ ఒక కాగితం పంపేది. 'మీలాంటి ఇళ్లతో పోలిస్తే మీరు ఇంత వాడారు' అని అందులో పట్టీల బొమ్మ ఉండేది. దాదాపు ఆరు లక్షల ఇళ్ల లెక్కలు చూసి హంట్ ఆల్‌కాట్ 2011లో తేల్చింది సగటున 2 శాతం తగ్గుదల. అందరిలోనూ ఒకేలా కాదు. బాగా ఎక్కువ వాడే పదో వంతు ఇళ్లు 6.3 శాతం తగ్గించాయి, బాగా తక్కువ వాడేవి 0.3 శాతం. కాగితాలు రావడం ఆగిపోతే ఆ ఫలితం ఒక్కసారిగా పోదు, ఏటా 10 నుంచి 20 శాతం చొప్పున కరిగిపోతూ వస్తుందని తర్వాతి అధ్యయనం చూపింది.

రెండు శాతమేనా అని పెదవి విరవచ్చు. ఇంటికి ఒక కాగితం ఖరీదుకు, ఏ యంత్రం మార్చకుండా వచ్చిందన్నది కూడా చూడాలి. కానీ ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, పరిశోధకులను ఇబ్బంది పెట్టినదీ అదే. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొన్ని ఇళ్లకు ఏ సలహా, ఏ పోలికా లేకుండా 'మీ కరెంటు వాడకాన్ని ఒక అధ్యయనం కోసం గమనిస్తున్నాం' అని మాత్రమే పోస్టుకార్డులు పంపారు. ఆ కొద్ది వారాలూ వాడకం 2.7 శాతం తగ్గింది. కార్డులు ఆగగానే మళ్లీ మామూలే. ఎవరో చూస్తున్నారంటేనే చెయ్యి స్విచ్ మీదకు పోతుంది. కాబట్టి నాలుగు వారాల ప్రయోగం చేసి '3 శాతం ఆదా' అని ఎవరైనా ప్రకటిస్తే, అందులో వాళ్ల పద్ధతి గొప్పదనం ఎంత, చూస్తున్నారన్న స్పృహ ఎంత అని అడగాల్సిందే.

పోలిక చూపించడంలోనూ మెలకువ లేకపోతే ఎదురుతన్నుతుంది. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో వెస్లీ షుల్జ్ బృందం 290 ఇళ్ల తలుపులకు చీటీలు వేలాడదీసి, ఆ వీధి సగటు ఎంతో, ఆ ఇంటి వాడకం ఎంతో రాసింది. సగటుకన్నా ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. సగటుకన్నా తక్కువ వాడేవాళ్లు 'అయితే మనం ఇంకా వాడొచ్చన్నమాట' అని పెంచారు. చీటీ చివర ఒక నవ్వు ముఖం బొమ్మ గీసి 'బాగా చేస్తున్నారు' అన్న భావం చేర్చిన ఇళ్లలో ఆ పెరుగుదల రాలేదు. అదే ఊళ్లో ఇంకో ప్రయోగంలో 'ఎండాకాలం వచ్చింది, ఇక్కడివాళ్లలో 77 శాతం మంది ఏసీ బదులు ఫ్యాన్ వాడుతున్నారు' అన్న చీటీ, డబ్బు మిగులుతుందని, పర్యావరణానికి మంచిదని చెప్పిన చీటీలకంటే బాగా పనిచేసింది. అలాగని జనాన్ని అడిగితే మాత్రం 'ఇరుగుపొరుగును చూసి మేమేమీ మారం' అన్నారు. అభిప్రాయ సేకరణల మీద ఆధారపడి పథకాలు గీస్తే ఎక్కడ తేడా కొడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దేశంలో జరిగిన పని ఇంకా ఆలోచింపజేస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో అనంత్ సుదర్శన్ చేసిన ప్రయోగంలో వారం వారం ఇరుగుపొరుగుతో పోల్చే కార్డు అందుకున్న కుటుంబాలు ఎండాకాలపు వాడకాన్ని 7 శాతం తగ్గించాయి. ఓపవర్ కాగితానికి ఇది మూడింతలకు పైనే. దానికి తోడు 'తగ్గిస్తే ఇంత డబ్బు, పెరిగితే ఇంత కోత' అని జోడించిన ఇళ్లలో ఆ 7 శాతం కనపడకుండా పోయింది. డబ్బు ఆశ చూపితే ఇంకా తగ్గాలి కదా అనుకుంటాం. కానీ పరువు లెక్క కాస్తా బేరం లెక్కగా మారింది. నాలుగు రూపాయలకు ఏసీ సుఖం ఎందుకు వదులుకోవాలి అన్న ప్రశ్న వచ్చిందంటే జవాబు సులువే. ఇప్పుడు స్మార్ట్ మీటర్లతో పాటు వస్తున్న యాప్‌లలో రోజువారీ గ్రాఫ్ ఉంటుంది. కానీ ఆ గ్రాఫ్ కోసం యాప్ తెరవాలి. కార్డయితే తలుపు కిందనుంచి తనే లోపలికొస్తుంది.

స్లాబు గీత

ధర పెంచితే వాడకం తగ్గుతుందని నియంత్రణ మండళ్లు స్లాబులు పెడతాయి. ఎక్కువ వాడేవాడికి చివరి యూనిట్లు ఖరీదవుతాయి కాబట్టి అక్కడ చెయ్యి వెనక్కి లాగుతాడని ఆశ. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో రెండు కరెంటు కంపెనీల సరిహద్దు ఊళ్ల మధ్యలోంచి పోతుంది. గీతకు ఇటూ అటూ ఒకే రకం ఇళ్లు, స్లాబు రేట్లు వేరు. కొయిచిరో ఇటో ఆ గీతను పట్టుకుని 2014లో చూపింది ఏమిటంటే, జనం చివరి యూనిట్ ధరకు స్పందించరు, మొత్తం బిల్లును యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటు ధరకు స్పందిస్తారు. స్లాబు పట్టిక మనసులో పెట్టుకుని స్విచ్ వేసేవాడు ఎవరూ లేడు.

రెండు తెలుగు రాష్ట్రాల స్లాబులను ఈ వెలుగులో చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి గృహ వినియోగదారులందరికీ ఒకే టెలిస్కోపిక్ పట్టిక. 30 యూనిట్ల దాకా 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇక్కడ 225 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 1017 రూపాయలు, 226వ యూనిట్‌కు మరో 8.75. మెట్టు ఎక్కినా పాత యూనిట్ల ధర మారదు. తెలంగాణలో అదే ఏడాది వచ్చిన ఉత్తర్వు ప్రకారం 100 దాటి 200 యూనిట్ల వరకు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయితే మొదటి 200 యూనిట్లన్నీ 5.10కి మారి, ఆ ఒక్కటి 7.70 పడి 1027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. 2024లో వచ్చిన గృహజ్యోతితో అర్హులైన ఇళ్లకు ఈ గీత ఇంకా లోతైన గుంట అయింది, 200 దాకా సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం.

చివరి యూనిట్ ధర ఎవరికీ పట్టదన్న ఇటో మాట ఈ గుంట దగ్గర వర్తించకపోవచ్చు. సున్నా బిల్లు, వెయ్యి రూపాయల బిల్లు మధ్య తేడా ఎవరికైనా కనిపిస్తుంది. అయితే ఆ గీత 185 యూనిట్ల ఇంటిని జాగ్రత్తపడేలా చేస్తుంది గానీ 350 యూనిట్ల ఇంటికి ఏమీ చెప్పదు, 90 యూనిట్ల ఇంటికి ఇంకో వంద వాడుకోమంటుంది. గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లకు పనికొచ్చే లెక్క ఒకటే: రీడింగ్ తీసిన తేదీ నుంచి ఇరవై రోజులకు మీటరు చూసుకోవాలి. 200 గీతకు రోజుకు 6.67 యూనిట్లు, ఇరవై రోజులకు 133. ఆ అంకె దాటి ఉంటే మిగిలిన పది రోజుల్లో సర్దుకోవాల్సింది గీజరు, ఏసీల దగ్గరే. లైట్ల దగ్గర ఎంత చూసినా దొరకదు.

ఎంత చల్లదనం కావాలి

ఏసీ విషయంలో అలవాటుకు శాస్త్రం చేసిన సాయం తక్కువ, చేసిన చేటు ఎక్కువ అనాలి. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి ఏళ్ల తరబడి వేసవిలో 23 నుంచి 26 డిగ్రీలను సుఖకరమని చెప్పింది. 2008 వేసవిలో మాధవి ఇంద్రగంటి హైదరాబాద్‌లో ఏసీ లేకుండా గాలి ఆడే అయిదు అపార్ట్‌మెంట్లలో వందమందికి పైగా మనుషులను మే నుంచి జులై దాకా పదేపదే అడిగి, గది ఉష్ణోగ్రత కొలిచి చూశారు. వాళ్లకు చలీ వేడీ అనిపించని ఉష్ణోగ్రత 29.2 డిగ్రీలు. 26 నుంచి 32.5 దాకా సుఖంగానే ఉందన్నారు. స్మృతి ఆగిన చోట వీళ్ల సుఖం మొదలైంది. ఫ్యాను, పల్చని నూలు బట్టలు, మధ్యాహ్నం మూసి సాయంత్రం తీసే కిటికీలు, ఇవన్నీ కలిపి ఆ ఆరు డిగ్రీలు సంపాదించాయి. ఆ కిటికీని కూడా అందరూ తీయలేరని అదే పరిశోధనలో తేలింది. ఎదుటి ఫ్లాటు చూపు, దొంగల భయం, చప్పుడు అడ్డు వస్తాయి. పైఅంతస్తు వాళ్లకైతే కప్పు వేడి ఈ లెక్కలన్నింటినీ తలకిందులు చేస్తుంది. అక్కడ ముందు కప్పు మీద తెల్ల పూత వేయించి, ఆ తర్వాతే ఏసీ టన్నేజీ మాట ఎత్తాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నియమం పెట్టింది. రిమోట్‌తో 18కి దించుకోవడాన్ని ఎవరూ ఆపలేదు. అయినా ఇది తెలివైన పని, ఎందుకంటే చాలామంది యంత్రం ఇచ్చినదాన్ని కదపరు. డిగ్రీ పెంచిన కొద్దీ దాదాపు 6 శాతం ఆదా అన్నది బ్యూరో చెప్పే అంకె. తొందరగా చల్లబడాలని 16 పెట్టడం వల్ల చల్లదనం తొందరగా రాదు. ఏ సెట్టింగులోనైనా మొదట్లో కంప్రెసర్ పూర్తి బలంతోనే తిరుగుతుంది. 16 పెడితే మే నెల గదిలో ఆ ఉష్ణోగ్రత ఎప్పటికీ రాదు కాబట్టి, ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకునే అవకాశమే ఉండదు. అదనంగా డబ్బు పోసి కొన్న గుణం అలా వృథా అవుతుంది. 26 పెట్టి ఫ్యాను రెండో నంబరులో వేస్తే నిద్రపట్టే ఇళ్లే ఎక్కువ.

లేబుల్‌ను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఏసీ మీద రాసిన యూనిట్లు ఏడాదికి 1600 గంటల లెక్క. 800 అని ఉంటే గంటకు అర యూనిట్. అది రకరకాల బయటి ఉష్ణోగ్రతల సగటు. రెంటచింతల, రామగుండం మే నెలకు అది వర్తించదు, అక్కడ అంతకన్నా బాగా ఎక్కువే పడుతుంది.

కొత్త యంత్రం, పాత చెయ్యి

అలవాట్లు మార్చడం కష్టమైతే యంత్రాలే మార్చేద్దాం అన్నది ప్రభుత్వాలకు నచ్చే దారి. ఎల్ఈడీ బల్బుల్లో అది అద్భుతంగా పనిచేసింది. టోకున కొనడం వల్ల 2014లో 310 రూపాయలున్న బల్బు సేకరణ ధర రెండేళ్లలో 38కి పడింది. 60 వాట్ల చోట 9 వాట్లు వచ్చాయి. బల్బు చవకైందని జనం రెట్టింపు గంటలు వెలిగించినా లాభమే.

మెక్సికో 2009 నుంచి 2012 దాకా పాత ఫ్రిజ్‌లు, ఏసీలు తీసుకుని కొత్తవాటికి రాయితీ ఇచ్చింది. దాదాపు 19 లక్షల పరికరాలు మారాయి. లూకాస్ డేవిస్, అలన్ ఫక్స్, పాల్ గెర్ట్లర్ బిల్లులతో సరిపోల్చి చూస్తే, ఫ్రిజ్ మార్చిన ఇంట్లో 8 శాతం తగ్గింది, అది ముందు వేసిన అంచనాలో నాలుగో వంతు. ఏసీ మార్చిన ఇంట్లో వాడకం పెరిగింది. ఫ్రిజ్ ఎలాగూ రోజంతా నడుస్తుంది, మంచిది వచ్చిందని ఇంకా ఎక్కువసేపు నడపలేం, పెద్దది కొనడం తప్ప. ఏసీ అలా కాదు. పాతది చప్పుడు చేసేది, బిల్లు భయం పెట్టేది, అందుకని ఓ రెండు గంటలు వేసి ఆపేవాళ్లు. 'ఇది ఫైవ్ స్టార్' అనే ధైర్యం రాగానే పొద్దున్న దాకా నడుస్తుంది.

ఈ లెక్కన యంత్రం మార్చాలంటే ముందు మార్చాల్సింది ఎక్కువ గంటలు నడిచేదీ, వాడకం పెంచుకోవడానికి వీల్లేనిదీ. మన ఇళ్లలో అది సీలింగ్ ఫ్యాను. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను పూర్తి వేగంలో 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లయితే తెలంగాణలో 240 దగ్గర ఉన్న ఇల్లు గీత కిందికి దిగుతుంది. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను బైపాస్ చేయించాలి. దాన్ని అలాగే ఉంచి మూడో నంబరులో తిప్పితే ఫ్యాను లోపలి సర్క్యూట్‌కు సరైన వోల్టేజీ అందదు. ఫ్యాను కూతపెట్టడం, ఆగి ఆగి తిరగడం, కొన్నాళ్లకు బోర్డు పోవడం ఈ పొరపాటువే. వారంటీ కార్డులో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గీజరు విషయంలో మార్చాల్సింది యంత్రం కాదు, స్నానాల వరస. 15 లీటర్ల 2 కిలోవాట్ల గీజరు 22 డిగ్రీల నీటిని 60కి తేవడానికి 20 నిమిషాలు, 0.66 యూనిట్ పడుతుంది. నలుగురూ వెంటవెంటనే చేస్తే ట్యాంకులోని వేడి వృథా కాదు. గంటకొకరు చేస్తే మధ్యలో చల్లారిందంతా మళ్లీ కాయాలి. బోరు నీళ్ల వల్ల ఎలిమెంట్ మీద తెల్లగా పేరుకున్న పొర కరెంటు తినేస్తుందని మెకానిక్‌లు చెబుతుంటారు. నిజానికి ఎలిమెంట్‌లో పుట్టిన వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోతుంది, బిల్లు పెద్దగా పెరగదు. ఆ పొర కాల్చేది ఎలిమెంట్‌ను. ఆనోడ్ రాడ్ రెండేళ్లకోసారి చూపించుకోమనేది ట్యాంకు తుప్పు పట్టకుండా.

ఏది మార్చినా ఫలితం చూసుకునే తీరులో ఒక జాగ్రత్త కావాలి. ఏప్రిల్‌లో ఫ్యాన్లు మార్చి మే బిల్లు చూస్తే పెరిగే ఉంటుంది, జులైలో మార్చి ఆగస్టు చూస్తే ఏమీ చేయకపోయినా తగ్గే ఉంటుంది. నిరుటి అదే నెలతో పోల్చాలి. అదీ నెల మొత్తంతో కాదు. ఒకసారి రీడింగ్ 28 రోజులకు, ఒకసారి 33 రోజులకు తీస్తారు కాబట్టి యూనిట్లను రోజుల సంఖ్యతో భాగించి రోజువారీ సగటు చూడాలి. ఆ నెల ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఊరెళ్లిన రోజులెన్నో బిల్లు వెనకాలే పెన్నుతో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది ఆ కాగితం పనికొస్తుంది.